ఉప్పునీళ్ళకూ చుట్టరికమే

తిమింగలం చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తే దాని వీపు మీదికెక్కి ఫొటో దిగిన మనిషిని మీరు చూసి ఉండరు. నేను చూశాను. ఆయన మా కాలేజీ జంతుశాస్త్ర శాఖకు హెడ్డు, డాక్టర్ పాండురంగారావు గారు. 1996లో హంసలదీవి దగ్గర, కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, ఒక తిమింగలం ఇసుకలో చిక్కుకుని ప్రాణం విడిచింది. కబురు అందగానే బందరు నుంచి జీపు కట్టించుకుని బయల్దేరాం. జీపులో ఖాళీ ఉందని నన్ను కూడా ఎక్కించుకున్నారు గానీ, వృక్షశాస్త్రం చెప్పుకునే అరుణకుమారికి తిమింగలంతో ఏం పని? ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని, ఇద్దరు పల్లెకారుల భుజాల మీద చేతులు వేసి, దాని మీదికి పాకారు. పైన నిలబడ్డాక రుమాలు తీసి నవ్వారు. ఫొటో అయ్యాక మళ్ళీ కట్టుకున్నారు.

ఆ ఫొటో తీస్తున్నంతసేపూ యశస్విని కింద బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. యశస్విని ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. పెదన పిల్ల. వాళ్ళ నాన్న గంగరాజు కలంకారీ అద్దకం పనిచేస్తాడు. ఆ అమ్మాయి కత్తితో తిమింగలం కండ కోసి, ముక్కలు సీసాల్లో వేసి, సీసాలు ఐసు డబ్బాలో సర్దుకుంటోంది. చీర మోకాళ్ళ దాకా పాడైపోయింది. ఆ వాసన నా ముక్కులోంచి వారం పోలేదు, ఆ అమ్మాయి మాత్రం ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. దిగాక హెడ్డుగారు ఐసు డబ్బా వైపు చూసి, "జాగ్రత్తమ్మా, నా తిమింగలం" అన్నారు.

నా తిమింగలం అట. అప్పటి నుంచీ అన్నీ ఆయనవే అయ్యాయి. మంగినపూడిలో వలలో చిక్కి చచ్చిన డాల్ఫిన్ నుంచి తెల్లారేలోపు పరిగెత్తి రక్తం తీసుకొచ్చింది యశస్విని. అది "నా డాల్ఫిన్" అయింది. కుందేళ్ళకు గడ్డి వేసిందీ, పంజరాలు కడిగిందీ యశస్విని. అవి "నా కుందేళ్ళు" అయ్యాయి. ఆయన పీహెచ్‌డీ ఎప్పుడో పీత మొప్పల మీద చేశారు. ఆ తర్వాత పీతను పళ్ళెంలో తప్ప మరోచోట చూసిన దాఖలా లేదు.

ఆ అమ్మాయి చేసే పని ఏమిటో నాకు మొదట్లో అర్థం కాలేదు. ఒకరోజు మా శాఖ వరండాలో కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. రక్తం గడ్డకట్టాక పైకి తేరే పసుపు నీటిని సీరం అంటారు. డాల్ఫిన్ సీరం కుందేలుకు ఎక్కిస్తే, కుందేలు ఒళ్ళు దాన్ని పరాయిదని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఆ యాంటీబాడీలున్న కుందేలు సీరమే యాంటీసీరం. ఇక అది డాల్ఫిన్ వాసన పట్టేసినట్టే. పల్చటి జెల్లీ పలక మధ్యలో ఒక గుంట చేసి యాంటీసీరం పోసి, చుట్టూ ఉన్న గుంటల్లో తిమింగలం కండ రసమూ, ఆవుదీ గేదెదీ పందిదీ గుర్రానిదీ సీరమూ పోసి పెడితే, రెండూ ఒకదాని వైపు ఒకటి పాకి, కలిసిన చోట తెల్లటి గీత పడుతుంది. గీత ఎంత గట్టిగా పడితే చుట్టరికం అంత దగ్గర.

"అంటే పెళ్ళిళ్ళ పేరయ్య లాగన్నమాట" అన్నాను నేను. ముక్కు చూసి ఇంటిపేరు చెప్పేస్తాడు కదా.

యశస్విని నవ్వింది. అంతేనంది. డాల్ఫిన్‌కు తిమింగలం తోడబుట్టినంత దగ్గరట. ఆ తర్వాత ఆవూ గేదే మేకా, ఇంకాస్త దూరంగా పంది, మరీ దూరంగా గుర్రం రావాలట. డెక్కలున్న జంతువుల వంశంలోంచే ఇవి నీళ్ళలోకి దిగాయని పెద్దవాళ్ళు ఎప్పుడో తేల్చారట. బయటి దేశాల్లో ఇప్పుడు జన్యువులే చదివేస్తున్నారు, మనం ఇంకా కుందేళ్ళ దగ్గరే ఉన్నాం మేడమ్ అంది. కానీ మన సముద్రంలో దొరికిన డాల్ఫిన్‌తో, మన ఒడ్డున పడ్డ తిమింగలంతో ఈ పని ఎవరూ చేయలేదు, అందుకని చేస్తున్నానంది. మొదటి పలకల్లో తిమింగలం గీతా ఆవు గీతా ఆ అమ్మాయి చెప్పినట్టే పడ్డాయి. వెలుగుకు ఎత్తి పట్టుకుని నాకు చూపించింది. ఆ మొహంలో వెలుగు చూసి నాకు ముచ్చటేసింది. మా కాలేజీలో పని చూసి ముచ్చటపడటం అనేది అంత తరచుగా జరిగే సంగతి కాదు.

ఇది హెడ్డుగారి చెవిన పడేసరికి ఆవు దగ్గర ఆగిపోయింది. ఊళ్ళో పెద్దమనుషుల క్లబ్బులో తిమింగలం గోమాతకు అక్క అని ఉపన్యాసమిచ్చి దండ వేయించుకొచ్చారు. పంది మాట మాత్రం ఎత్తలేదు. అసలు పంది రక్తం తన లేబొరేటరీలోకి రాకూడదని హుకుం. పాపం ఆ అమ్మాయి గుడివాడ వెళ్ళి, పందులు పెంచేవాళ్ళను బతిమాలి తెచ్చుకుని, సీసా మీద పేరు రాయకుండా దాచుకుంది. క్లబ్బులో ఒక రైతు లేచి, సముద్రంలో ఆ దూడ పాలెలా తాగుతుందండీ అని అడిగితే, అది ఇంకా పరిశోధనలో ఉందని చెప్పి కూర్చున్నారట మా మేధావి.

ఆ క్లబ్బుకు అధ్యక్షుడు శోభనాద్రి గారు. రైసుమిల్లూ, దివిసీమలో రొయ్యల చెరువులూ ఉన్నాయి. మా కాలేజీ కమిటీలో సభ్యుడు కూడా. జంతుశాస్త్ర శాఖకు ఫ్రిజ్ కొనిచ్చింది ఆయనే. తలుపు మీద వాళ్ళ నాన్నగారి పేరు ఎర్ర రంగుతో రాయించారు. ఆ ఫ్రిజ్‌లోనే యశస్విని డాల్ఫిన్ సీరం, తిమింగలం కండ, యాంటీసీరం, చాటుగా పంది సీసా, ఒక మూల నా నాచు సీసాలు కూడా ఉండేవి. మా శాఖకు ఫ్రిజ్ లేదు. మొక్కలకు ఫ్రిజ్ ఎందుకని కమిటీ అభిప్రాయం.

1997 దసరా వచ్చింది. ఆయుధపూజ మన వైపు లారీలకూ మరలకూ మగ్గాలకూ చేస్తారు. నేను కాదనను, మా ఇంట్లో కుట్టుమిషనుకు నేనూ బొట్టు పెడతాను. కానీ హెడ్డుగారికి ఏదీ మామూలుగా చేయడం చేతకాదు. మైక్రోస్కోపులకు బొట్లు పెట్టించారు, తూనికల త్రాసుకు బంతిపూలు వేలాడదీశారు. ఆ రోజు ఏ యంత్రమూ పనిచేయకూడదు, ఆయుధాలకు విశ్రాంతి అన్నారు. అటెండరు రాజారత్నం ఒక్కొక్కటే ప్లగ్గు తీసుకుంటూ వచ్చి ఫ్రిజ్ దగ్గర ఆగాడు.

"ఇది కూడా ఆపమంటారా సార్?"

"ఏం, ఫ్రిజ్ యంత్రం కాదా?" అన్నారు హెడ్డుగారు.

అప్పుడు నేను అక్కడ లేను, ఉంటే ఊరుకునేదాన్ని కాను. యశస్విని కూడా లేదు, పండక్కి పెదన వెళ్ళింది. పూజ అయింది, పులిహోర పంచారు, లేబొరేటరీకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుని హెడ్డుగారు కుటుంబంతో తిరుపతి వెళ్ళారు. ప్లగ్గు మళ్ళీ పెట్టమని ఆయన చెప్పలేదు. చెప్పనిది చేస్తే చివాట్లు తినాల్సొస్తుందని రాజారత్నానికి అనుభవం. దసరా సెలవులన్నీ ఆ ఫ్రిజ్ నుదుట కుంకంతో, మెళ్ళో దండతో విశ్రాంతి తీసుకుంది. ఆ ఏడు వానలు వెనకబడి, బందరులో ఆ రోజుల్లో ఒంటి మీద గుడ్డ నిలవలేదు.

సెలవులయ్యాక నా నాచు సీసాల కోసం వెళ్ళాను. ఫ్రిజ్ కాళ్ళ దగ్గర నీళ్ళ మడుగు. తలుపు తీసి ఉంది, రాజారత్నం లోపల ఫినాయిలుతో తుడుస్తున్నాడు. ఆ కంపు ఏ కంపో నాకు వెంటనే గుర్తొచ్చింది. హంసలదీవి దగ్గరిదే. హెడ్డుగారు దూరంగా నిలబడి, సీసాలు మళ్ళీ లోపల పెట్టించి, ప్లగ్గు పెట్టించారు. సాయంత్రానికి చల్లబడిపోతాయి, ఏమీ కాదు అన్నారు. జరిగింది రాజారత్నం నోటే విన్నాను. యశస్వినికి చెప్పొద్దని, చిన్నపిల్ల కంగారుపడుతుందని హెడ్డుగారు నాకు సలహా ఇచ్చారు. ముప్ఫయ్యో ఏడు నడుస్తున్న పిల్ల అది. నేను సరేననలేదు, కాదనలేదు. నేరుగా గేటు దగ్గరికి వెళ్ళి నిలబడి, పెదన బస్సు దిగిన అమ్మాయికి అంతా చెప్పేశాను.

ఆ అమ్మాయి లేబొరేటరీలోకి వెళ్ళి యాంటీసీరం సీసా ఎత్తి వెలుగులో చూసింది. తేటగా ఉండాల్సింది కుడితి నీళ్ళలా ఉంది. అయినా ఆశ చావక కొత్త పలకలు పోసింది. ఈసారి అన్ని గుంటలూ నింపింది. తిమింగలం, ఆవు, గేదె, పంది, గుర్రం, చివరికి కోడి కూడా. ఒక గుంటలో ఏ జంతువుదీ కాకుండా ఉత్త ఉప్పునీళ్ళు పోసింది. అది పద్ధతట. ఆ గుంటకు గీత పడకూడదు. పడితే పలకంతా అబద్ధమని అర్థం.

మర్నాడు చూస్తే అన్నిటికీ పడింది. ఆవుకు పడింది, గుర్రానికి పడింది, కోడికి పడింది, ఉప్పునీళ్ళకు కూడా పడింది. గీత కూడా కాదు, మసక తెర. యశస్విని ఆ పలక నా బల్ల మీద పెట్టి కూర్చుని ఏడ్చింది. యాంటీసీరం తీయడంతోనే కుందేళ్ళు పోయాయి. డాల్ఫిన్ సీరం అదే ఫ్రిజ్‌లో కుళ్ళింది, తిమింగలం కండ అంతకన్నా ముందు కుళ్ళింది. మళ్ళీ మొదలుపెడదామన్నా చేతిలో ఏమీ మిగల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

హెడ్డుగారు మాత్రం ఆ పలకలు చూసి మురిసిపోయారు. ఎంత గొప్ప ఫలితమమ్మా, అందరూ బంధువులే అన్నారు. ఉప్పునీళ్ళ గుంట చూపించి ఆ అమ్మాయి ఏదో చెప్పబోతే, అది ఫొటోలో ఒక అంచున ఉంది కదా అని, సొరుగులోంచి కత్తెర తీసి, ఆ అంచు తనే కత్తిరించారు. దర్జీవాడు కూడా అంత తిన్నగా కత్తిరించడు. అప్పటికే ఏదో సెమినారుకు ఈ మహా కుటుంబం గురించి వ్యాసం పంపేశారట, వెనక్కి తీసుకుంటే పరువు పోతుందట. దసరాకు ముందు చేసిన పలకలతోనే చిన్న థీసిస్ రాసుకుంటానని యశస్విని బతిమాలింది. ఆవూ తిమింగలం తప్ప మరేమీ లేని థీసిస్ మీద నేను సంతకం పెట్టనన్నారు.

ఆయన సంతకం లేకపోతే థీసిస్ లేదు. అటు విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువు అయిపోవస్తోంది. కాలేజీలో లెక్చరరు పోస్టు ఒకటి ఖాళీ కాబోతోంది, దానికి పీహెచ్‌డీ ఉండాలి. దాని మీద హెడ్డుగారి మేనల్లుడు గిరిధర్ కూడా కన్నేసి ఉన్నాడు, అతనిదీ ఎక్కడో పీహెచ్‌డీ పూర్తి కావస్తోంది. యశస్విని అప్పటిదాకా గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ బతుకుతోంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా, కత్తిరించిన ఫొటోలు అంటించి థీసిస్ ఇచ్చేసిందని విన్నరోజు ఆ అమ్మాయిని వరండాలో నిలబెట్టి కడిగేశాను. హెడ్డుగారంటే పీత మొప్పల మనిషి, నీకేమైందే అన్నాను.

"ఆయన సంతకం లేకపోతే ఈ ఐదేళ్ళూ లేనట్టే కదా మేడమ్" అంది తల వంచుకుని.

నీ ఐదేళ్ళ కోసం కోడిని తిమింగలానికి చుట్టాన్ని చేస్తావా అని అడిగాను. ఆ తర్వాత చాలా రోజులు నా వైపు రాలేదు. నేనూ పిలవలేదు. ఆయనతో పాటు ఆ అమ్మాయిని కూడా నా మనసులో ఒకే బుట్టలో వేసేశాను. అలా వేసినందుకు నాకే బాధగా ఉండేది, అయినా వేశాను.

మౌఖిక పరీక్ష మా కాలేజీలోనే పెట్టించారు హెడ్డుగారు. అది విశ్వవిద్యాలయంలో జరగాలి, కానీ అక్కడ జరిగితే క్లబ్బువాళ్ళు రాలేరు కదా. సెమినారు హాలుకు షామియానా గుడ్డలు కట్టారు. ముందు వరసలో శోభనాద్రి గారు, క్లబ్బు సభ్యులు. వెనక లెక్చరర్లు. పరీక్ష చేయడానికి పొరుగు జిల్లా నుంచి పూర్ణచంద్రరావు గారని ఒక ప్రొఫెసరు వచ్చారు. మంచి ఎత్తు, మంచి సఫారీ. ముందు రోజే వచ్చి హెడ్డుగారింట్లో దిగి పీతల కూరా, రొయ్యల వేపుడూ తిన్నారని ఆయనే స్టాఫ్ రూములో మెచ్చుకుంటూ చెప్పారు. థీసిస్ గురించి మాత్రం ఒక్క ముక్క అనలేదు. అట్ట బాగుందన్నారు.

యశస్విని తెర మీద బొమ్మలు వేసి చెప్పింది. గొంతు సన్నగా ఉంది, మొహంలో రక్తం లేదు. ప్రొఫెసరు గారు తిమింగలం ఎంత పొడవుంటుందని అడిగారు, చెప్పింది. ఎన్ని కుందేళ్ళు వాడారని అడిగారు, చెప్పింది. చాలా సంతోషం అన్నారు. పరీక్ష అయిపోయిందనుకుని నేను లేవబోతున్నాను. అంతలో శోభనాద్రి గారు చెయ్యెత్తారు. ఆయన చదువుకున్నది తక్కువే, అయినా ఆ హాల్లో ఆ పూట బుద్ధిగల ప్రశ్న ఆయన నోటి నుంచే వచ్చింది. ఆవంటే సరే గానీ, కోడికీ తిమింగలానికీ చుట్టరికం ఏమిటండీ అని అడిగారు.

హెడ్డుగారు లేచి నిలబడ్డారు. సృష్టిలో అన్నీ ఒకే కుటుంబమనీ, అది మన పూర్వులు ఎప్పుడో చెప్పారనీ, ఇప్పుడు కుందేలు రక్తంతో మనం నిరూపించామనీ చాలాసేపు సెలవిచ్చారు. చివర్లో, "అంతేనా అమ్మా?" అని యశస్విని వైపు తిరిగారు.

ఆ అమ్మాయి సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద పలక బొమ్మ గీసింది. మధ్యలో ఒక గుంట, చుట్టూ గుంటలు. ఒక్కొక్కదాని పక్కన పేరు రాసింది. అంచున ఇంకో గుంట గీసి దాని పక్కన ఏ పేరూ రాయలేదు. ఇది థీసిస్ ఫొటోలో లేదండీ, కత్తిరించేశాం, ఇందులో ఏ జంతువుదీ పోయలేదు, ఉప్పునీళ్ళు పోశాను, దీనికి కూడా గీత పడింది అని చెప్పింది.

ఇప్పుడైనా ఈ ప్రొఫెసరు కళ్ళు తెరుస్తాడనుకున్నాను. ఆయన కళ్ళు తెరిచారు, ఆనందంతో. ఆహా, ఉప్పునీళ్ళకూ చుట్టరికమే, ఎందుకుండదు, జీవం పుట్టిందే సముద్రంలో కదా, మనందరి రక్తంలో ఉన్నది ఆ ఉప్పే కదా అన్నారు. ముందు వరస చప్పట్లు కొట్టింది. వెనక లెక్చరర్లు కూడా కొట్టారు. రసాయనశాస్త్రం ఆయన కూడా కొట్టాడు, సిగ్గు లేకుండా. హెడ్డుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఇంత చదువుకున్నవాళ్ళను ఇంతమందిని ఒకేచోట చూసి ఇంత అసహ్యం నాకెప్పుడూ కలగలేదు.

చప్పట్లు ఆగేదాకా యశస్విని ఆగింది. ఇక ఊరుకున్నా చాలు. ఊరుకుంటే ఆ సాయంత్రానికే డాక్టరు యశస్విని. నిజం చెప్పేసినట్టూ అయింది, డిగ్రీ వచ్చినట్టూ అయింది. ఎవరూ తప్పు పట్టేవాళ్ళు లేరు. నేనైనా పట్టగలిగేదాన్ని కాదేమో.

"ఉప్పునీళ్ళకి చుట్టరికం ఉండదండీ" అంది ఆ అమ్మాయి. ఈసారి గొంతు సన్నగా లేదు. "యాంటీసీరం కుళ్ళిపోయింది. ఆయుధపూజకని ఫ్రిజ్ ఆపేసి, సెలవులన్నీ అలాగే ఉంచేశారు. ఆ తర్వాత నేను చేసిన పలకలన్నీ తప్పు. తెలిసే థీసిస్‌లో పెట్టాను. ఫొటో కత్తిరిస్తుంటే ఊరుకున్నాను."

హెడ్డుగారు పిల్ల బెదిరిపోయిందని, నిద్రలేక ఏదో మాట్లాడుతోందని సర్దబోయారు. ప్రొఫెసరు గారి మొహంలో పీతల కూర తాలూకు తృప్తి మొదటిసారి తగ్గింది. ఫ్రిజ్ ఆపిన సంగతి ఎవరికైనా తెలుసా అని హాలంతా కలియజూశారు. తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు, ఆ పులిహోర తిన్నవాళ్ళే సగంమంది. ఒక్కొక్కరూ ఒళ్ళో చేతులు చూసుకోవడం మొదలుపెట్టారు. గుమ్మం దగ్గర రాజారత్నం గోడకు అంటుకుపోయాడు, వాణ్ణి నేనేమీ అనను. నేను లేచి, నిజమేనండీ, కంపు కొడుతుంటే నా కళ్ళతో చూశాను, నా సీసాలు కూడా పోయాయి అని చెప్పాను. వృక్షశాస్త్రం వాళ్ళకు మా శాఖంటే మొదటి నుంచీ ఓర్వలేనితనమని హెడ్డుగారు అందరికీ వినిపించేలా అన్నారు. ఓర్వలేకపోవడానికి అక్కడేముందని నేను కూడా అందరికీ వినిపించేలా అడిగాను.

శోభనాద్రి గారికి మాత్రం వేరే బాధ పట్టుకుంది. మా నాన్నగారి పేరున్న ఫ్రిజ్ పాడైపోయిందా, కంపెనీవాళ్ళు ఐదేళ్ళు గ్యారంటీ అన్నారే అని పక్కవాణ్ణి అడుగుతున్నారు. ఫ్రిజ్ బాగానే ఉందని ఎవరో ఆయనకు నచ్చజెప్పారు. అయితే మరి గొడవేమిటని ఆయన అడిగారు.

భోజనాలు చల్లారిపోతున్నాయని కబురు రాగానే క్లబ్బువాళ్ళు లేచారు. సైన్సు ఎటు పోయినా బొమ్మిడాయిల పులుసు వేడిగా ఉండాలి. ప్రొఫెసరు గారు ఒక గదిలో కూర్చుని నివేదిక రాశారు. ఇక దాచిపెట్టడానికి దారి లేదు, హాలంతా విన్నది. ప్రయోగాలన్నీ మళ్ళీ చేసి థీసిస్ తిరిగి సమర్పించాలని రాశారు. గడువు అయిపోయిన అభ్యర్థికి దానర్థం ఒకటే. మళ్ళీ పేరు నమోదు చేసుకోవాలి, మళ్ళీ గైడు కావాలి. ఆ జిల్లాలో పాండురంగారావు గారితో విరోధం పెట్టుకుని ఆ అమ్మాయికి గైడుగా ఉండేదెవరు? పోస్టు ఎవరికి పోతుందో అక్కడున్న అందరికీ తెలుసు. గిరిధర్ అప్పటికే వడ్డన దగ్గర నిలబడి అందరికీ నెయ్యి వేస్తున్నాడు.

యశస్విని భోజనానికి వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. గేటు దగ్గర చెట్టు నీడన నిలబడ్డాం. ఆ రోజు వరండాలో అన్న మాటలు నన్ను లోపల పొడుస్తున్నాయి గానీ వాటి మాట ఇద్దరం ఎత్తలేదు. నాన్నకేం చెప్పాలో తెలియడం లేదు మేడమ్ అంది. నేను వెంట వస్తానన్నాను.

అంతలో ప్రొఫెసరు గారి కారు గేటు దాకా వచ్చి మా పక్కనే ఆగింది. వెనక సీటులో బందరు లడ్డూల డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఆయన దిగారు. మందలించడానికి వచ్చారనుకున్నాను, కాదు. ఆయన మొహంలో కోపం లేదు, నిజంగానే అర్థం కాని మనిషి మొహం అది. జీవితంలో మొదటిసారి ఎవరో ఆయన చేత పని చేయించినట్టున్నారు, అది ఎందుకు జరిగిందో తెలుసుకుని గానీ కదలలేకపోతున్నారు.

"నాకు తెలిసేది కాదు కదమ్మా. హాయిగా డిగ్రీ ఇచ్చేసి వెళ్ళేవాణ్ణి. ఎందుకు చెప్పావు?"

యశస్విని ఆయన వైపు తిన్నగా చూసింది. ఐదేళ్ళుగా సార్ సార్ అంటూ వంగిన మెడ అది.

"మీకు తెలిసేది కాదనే చెప్పానండీ" అంది.

ఆయన కారెక్కారు. మేమిద్దరం పెదన బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాం.